తమ్ముడి పేరుకు ముందు

బంతిపూల దండతో మనిషిని చంపవచ్చని నాకు ముందు తెలియదు. తెలిశాక కూడా, చంపింది దండ కాదనీ, దండ వేసి ఊరుకోకుండా దాని అర్థం విడమరిచి చెప్పిన నా నోరనీ ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. పోయాడని నేను తేల్చేసిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. అతనిది అల్జీరియా. నాది న్యూజెర్సీ, ప్లెయిన్స్‌బరోలో ఒక అపార్ట్‌మెంటు. మా ఇద్దరి మధ్య ఒక మహాసముద్రమూ ముప్పై ఏళ్లూ ఉన్నాయి. అంత దూరం నుంచి గురి తప్పకుండా కొట్టగల తెలివితక్కువతనం అందరికీ అబ్బదు.

అతని అన్నగారు మా కింది ఫ్లాట్‌లో ఉంటారు. డెబ్బై దాటిన మనిషి. కూతురు ఇక్కడ మందుల కంపెనీలో పనిచేస్తుంది. పొద్దున ఆమె వెళ్లిపోతే సాయంత్రం దాకా ఇంట్లో ఆయనొక్కరే. నాకు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే ఉద్యోగం. మా పరిచయం మెయిల్ బాక్సుల దగ్గర అయింది. మా బిల్డింగులో డబ్బాలన్నీ ఒకే గోడకు తేనెపట్టులా ఉంటాయి. పోస్టు మనిషి పై ఇంటి ఉత్తరాలు కింది డబ్బాలోనూ, కింది ఇంటివి పై డబ్బాలోనూ వేస్తూ మమ్మల్ని కలపాలని చాలాకాలం ప్రయత్నించాడు. చివరికి ఒక రోజు, మా ఇమిగ్రేషన్ లాయరు పంపిన కవరు ఆయన చేతికి చిక్కింది. తెచ్చి ఇచ్చారు. కవరు వెనక పెన్సిలుతో చిన్న బొమ్మ ఉంది. లాప్‌టాప్ సంచీ తగిలించుకున్న మనిషి ఒక చేత్తో మెయిల్ బాక్స్ తెరుస్తున్నాడు, రెండో చేత్తో కళ్లు మూసుకున్నాడు.

ఆ మనిషి నేనే. పన్నెండేళ్లుగా గ్రీన్ కార్డు వరసలో నిలబడి, నిజంగానే అలా తెరుస్తాను.

నవ్వాను. ఆయన నా వైపు శ్రద్ధగా చూసి అన్నారు: "నవ్వే ముందు అటూ ఇటూ చూశావు. మా దేశంలోనూ అంతే. నువ్వు మావాడివే, ఇంజినీర్."

అప్పటి నుంచి నా పేరు ఇంజినీర్. వారానికోసారైనా నా డబ్బాలో ఒక చిన్న బొమ్మ పడేది. ఆయన ఇంగ్లీషులో ఫ్రెంచి సగం, నా ఇంగ్లీషులో తెలుగు సగం. ఇద్దరిదీ కుంటుతూ నడిచే భాష కావడం వల్ల అడుగులు బాగానే కలిశాయి. ఆయన మాటలు ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

ఆయన అల్జీర్స్‌లో ఒక దినపత్రికకు కార్టూన్లు గీసేవారు. గీసినందుకూ రాసినందుకూ మనుషుల్ని వీధిలో కాల్చి చంపిన రోజులవి. ఒక వైపు తుపాకులు పట్టుకుని అడవుల్లోంచి వచ్చేవాళ్లు, మరో వైపు వాళ్లను వెతుకుతున్నామంటూ ఇళ్లల్లోకి వచ్చేవాళ్లు. వారానికో ఇంట్లో పడుకున్నాననీ, ఆఫీసుకు ఏ రోజూ ఒకే దారిన వెళ్లలేదనీ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పేవారు. ఆయన బొమ్మలన్నీ అరచేతిలో పట్టేంతే ఉంటాయి. ఎందుకంత చిన్నవి అని అడిగాను.

"అవసరమైతే నమిలి మింగెయ్యాలి కదా. ఆ సైజు అలవాటైపోయింది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇంకో సంగతి గమనించాను. కార్టూన్‌లో మనుషుల నోటి దగ్గర మాటల కోసం బుడగ గీస్తారు కదా, ఆయన బొమ్మల్లో ఆ బుడగ ఎప్పుడూ ఖాళీయే. నాకేమో శ్లేష పిచ్చి. ఖాళీ జాగా కనిపిస్తే ఏదో ఒక చమత్కారం రాస్తే తప్ప చెయ్యి ఊరుకోదు. "మీకు అభ్యంతరం లేకపోతే నేను నింపుతాను" అన్నాను ఉదారంగా.

"అవి ఖాళీగా లేవు. ఆ పని వేరే ఒకరిది" అన్నారు. ఎవరినో జీతానికి పెట్టుకున్నారు కాబోలు అనుకున్నాను.

మాట్లాడుతూనే ఉన్నాను కానీ అడగవలసినవి అడగలేదు. మా గుమ్మం నుంచి మెట్లు దిగేటప్పుడు వాళ్ల తలుపు తెరిచి ఉంటే, ఎదురు గోడ మీద ఒక కుర్రాడి నలుపు తెలుపు ఫోటో కనిపించేది. పల్చటి మీసం, చెవి వెనక పెన్ను. ఒక రోజు ఆయన మా తలుపు కొట్టి, "శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి రండి, మా దేశపు రవ్వ వంటకం, కుస్‌కుస్ చేస్తున్నాను. మా తమ్ముడి యానివర్సరీ" అన్నారు.

తమ్ముడు, ఫోటో, యానివర్సరీ. మూడూ కలిపితే నాకు వచ్చిన జవాబు తద్దినం.

"పుట్టినరోజేమో కనుక్కోండి" అంది మా ఆవిడ.

"ఫోటో గోడ మీద ఉంది. చెప్పేటప్పుడు ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. పుట్టినరోజెలా అవుతుంది?"

"మన గోడ మీద మీ ఫోటో కూడా ఉంది. నేనూ అప్పుడప్పుడూ ఏడుస్తాను."

నేను వినలేదు. ఇండియన్ స్టోర్‌కి వెళ్లి తాజా బంతిపూల దండ ఎంచి తెచ్చాను. శుక్రవారం వాళ్లింటికి వెళ్లాం. ఆయన వంటింట్లో ఉన్నారు. కూతురు ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. ఆశ్చర్యపరుద్దామని కుర్చీ ఎక్కి, ఫోటోకు దండ వేసి, దిగి, దండం పెట్టాను. దండన కాస్త ఆగి వచ్చింది.

ఆయన పెద్ద పళ్లెంతో వచ్చి ఆగిపోయారు. మొహమంతా వెలిగింది. నేను ఒట్టేసి చెప్పగలను, వెలిగింది. వాళ్ల దేశంలో ఫోటోకు పూలు వెయ్యడానికి ఏ అర్థమూ లేదు. పూలంటే పూలే. "ఎంత అందంగా ఉంది! పెళ్లికొడుకులా ఉన్నాడు" అన్నారు. అక్కడితో ఆగితే ఈ కథ లేదు.

"మాలో ఇది ఆచారమండీ" అన్నాను. "బతికున్నవాళ్ల ఫోటోకు ఎప్పుడూ వెయ్యం. మనిషి పోయాకే వేస్తాం. ఆత్మకు శాంతి కలగాలని."

ఆయన పళ్లెం బల్ల మీద పెట్టారు. కుర్చీ ఎక్కారు. నేను పట్టుకోబోతే వద్దన్నారు. ఒక్క పువ్వు కూడా రాలకుండా దండ తీసి, దిగి, రెండు చేతులతో తెచ్చి నా చేతుల్లో పెట్టారు.

"పోలేదు, ఇంజినీర్. తీసుకుపోయారు."

ఇంగ్లీషులో ఆయన అన్న మాట తెలుగులో ఇలా వచ్చింది. జీవితంలో మొదటిసారి శ్లేష దానంతట అదే వచ్చి నిలబడితే, నాకు తల ఎత్తి చూడబుద్ధి కాలేదు.

అప్పుడు చెప్పారు. ఆయన ఫ్రెంచిలో యానివర్సరీ అంటే పుట్టినరోజే. తీసుకుపోయిన నాటికి తమ్ముడికి ఇరవై నాలుగేళ్లు. అన్న చేతిరాత కోడిగీతలు. అందుకని బొమ్మ అన్నగారిది, బుడగల్లో అక్షరాలు తమ్ముడివి. కార్టూన్ కింద ఇద్దరి పేర్లూ పడేవి. ఒక రోజు పొద్దున అన్న రొట్టె కొనడానికి వీధి చివరకు వెళ్లారు. తిరిగి వచ్చేసరికి తలుపు తీసి ఉంది. సిరా సీసా మూత తీసి ఉంది. బుడగలో మాట సగం రాసి ఉంది. యూనిఫాంలో ఉన్నవాళ్లు కారులో ఎక్కించుకున్నారని ఎదురింటివాళ్లు చెప్పారు. ఎవరు, ఎందుకు, ఎక్కడికి అన్నది ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

"వాళ్లు వచ్చింది నా కోసమేనేమో. ఇద్దరి పేర్లూ ఉండేవి కదా" అన్నారు. పళ్లెం మా వైపు జరిపి, "నేను రొట్టె కోసం వరసలో ఉన్నాను" అన్నారు.

వాళ్లమ్మ ప్రతి వారమూ ఆ ఫోటో గుండెకు ఆనించుకుని ఒక ప్రభుత్వ కార్యాలయం ముందు నిలబడేది. పక్కన ఇంకా ఎందరో తల్లులు, వాళ్ల గుండెల మీద వాళ్ల పిల్లల ఫోటోలు. కొన్నేళ్లకు చట్టం వచ్చింది. జరిగిందేదో జరిగింది, దేశమంతా మరచిపోదాం అని దాని సారాంశం. కనిపించకుండా పోయినవాళ్లు చనిపోయినట్టు ఒప్పుకుంటే కాగితం ఇస్తారు, పరిహారమూ ఇస్తారు. ఆ గాయాన్ని మళ్లీ కెలికి మాట్లాడితే మాత్రం నేరం. అమ్మ ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే పోయింది. ఆమె సంగతిలో 'పోయింది' అన్నది సరైన మాటే.

"ఇప్పుడు నేనూ, అల్జీర్స్‌లో మా చెల్లెలూ మిగిలాం. ఆ కాగితం పుచ్చుకుంటే ఇంక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. వాణ్ని చంపినవాళ్లం మేమే అవుతాం. చనిపోయి ఉండవచ్చు, నాకు తెలియదా? కానీ ఆ మాట వాళ్లు చెప్పాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు. అన్నీ చెప్పి అప్పుడు చెప్పాలి."

ఆ రోజు తిన్న కుస్‌కుస్ రుచి నాకు గుర్తులేదు. దండ నా ఒళ్లో ఉంది. మా ఆవిడ ఇంటికి వచ్చాక దాన్ని తీసి చెంబు నీళ్లలో పెట్టింది. తిడితే బాగుండేది.

మూడు వారాలు నా డబ్బాలో బొమ్మ రాలేదు. ఎదురైతే పలకరింపు ఉంది, బొమ్మ లేదు. క్షమాపణ మాటల్లో చెబుదామంటే నా మాటల సంగతి చూశాం. ధైర్యం చేసి నేనే ఒక బొమ్మ గీశాను. కుర్చీ ఎక్కిన గాడిద, చేతిలో దండ. వాళ్ల డబ్బాలో వేశాను. మర్నాడు తిరిగి వచ్చింది. గాడిద చెవుల్ని ఎర్ర పెన్సిలుతో దిద్ది, పక్కన బాణం గుర్తు వేసి రాశారు: "చెవులు ఇంకా పైకి ఉంటాయి. గాడిద వింటుంది." నాకు మార్కులు రాలేదు కానీ క్షమాపణ పాసయింది.

ఆ చలికాలమంతా ఆయన పాత బొమ్మలు ఒక్కొక్కటే చూపించారు. కొన్నేళ్ల కిందట వాళ్ల దేశాధ్యక్షుడు జబ్బుపడి, మనిషి బయటికి రావడమే మానేశాడు. సభలకు మనిషి బదులు ఫ్రేము కట్టిన అతని పటం వచ్చేది. పటానికి స్వాగతం చెప్పేవారు, పటానికి కానుకలు ఇచ్చేవారు. ఆ పటమే మళ్లీ ఎన్నికల్లో నిలబడబోతోందని తెలిసి జనం శుక్రవారం శుక్రవారం వీధుల్లోకి వచ్చారు. చేతుల్లో అట్టల మీద బొమ్మలు, హాస్యాలు. "దేశమంతా నా వృత్తిలోకి వచ్చేసింది. నాకు పని లేకుండా చేశారు" అని ఆ రోజుల్ని తలచుకుని మురిసిపోయేవారు. తర్వాత అంటువ్యాధి వచ్చి వీధులు ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత అట్టలు పట్టుకున్న చేతుల్లో చాలా వాటికి సంకెళ్లు పడ్డాయి.

అందులో ఒక బొమ్మ నన్ను వదల్లేదు. గేటు లోపల సింహాసనంలాంటి కుర్చీలో ఒక పటం, పతకాలు తగిలించుకుని కూర్చుంది. గేటు బయట ఒక తల్లి తన కొడుకు పటం పట్టుకుని నిలబడింది. రెండు పటాల నోటి దగ్గరా రెండు బుడగలు. రెండూ ఖాళీ.

మా తెలుగు సంఘం ఏటా ఉగాదికి ఒక సంచిక వేస్తుంది. దానికి నేను సంపాదకుణ్ని. అంటే అచ్చుతప్పులకు తిట్లు తినే ఉద్యోగం. ఈ బొమ్మ మా సంచికకు ఇస్తారా అని అడిగాను. ఆయన ఒకే షరతు పెట్టారు. పాత పద్ధతిలో కింద రెండు పేర్లూ ఉండాలి. బొమ్మ: తన పేరు. అక్షరాలు: తమ్ముడి పేరు.

ఆయన ఎదుటే కాగితం మీద తమ్ముడి పేరు తెలుగులో రాశాను. ఆయన ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి తిప్పుకుంటూ వెళ్లారు. "ఎంత గుండ్రంగా ఉన్నాయి! వాడికి గుండ్రటివి రాయడం ఇష్టం" అన్నారు. తర్వాత ఆ కాగితం ఫోటో తీసి చెల్లెలికి పంపారు. వాళ్ల తమ్ముడి పేరు అచ్చులో చూసి ముప్పై ఏళ్లయిందట. అచ్చయిన పేజీ పంపమని ఆమె రోజూ ఫోన్ చేసి అడుగుతోందట.

కమిటీ మీటింగు ఆదివారం మధ్యాహ్నం క్లబ్‌హౌస్‌లో. టీ, మిరపకాయ బజ్జీలు. మా సంఘం అధ్యక్షుడు మంచివాడు. నిజంగానే. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందు ఆయన కారే కనిపిస్తుంది. బొమ్మ చూసి తల పట్టుకున్నాడు.

"ఎడిటర్ గారూ, కార్టూన్ సూపర్ ఉంది. నేనేం కాదంటలేను. కానీ మనది కల్చరల్ సంఘం. ఈ పాలిటిక్స్ మనకెందుకు? మా కజిన్ వీసా స్టాంపింగ్‌కి పోతే సోషల్ మీడియా మొత్తం అడిగిన్రు. సంచిక పీడీఎఫ్ ఆన్‌లైన్‌లో పెడతాం, అందులో అందరి పేర్లుంటయి. సగం మంది హెచ్ వన్. మీరు కూడా!"

"అల్జీరియా సంగతి కదండీ..."

"ఏ దేశమైతే ఏంది, ఇప్పుడు టైమ్ బాలేదు. గీత దాటొద్దు మనం."

బొమ్మలు గీసేవాడి గురించి ఆ మాట వినడం బాగుంది. కానీ నవ్వలేదు. ఆయన భయం నా భయమే. కళ్లు మూసుకుని మెయిల్ బాక్స్ తెరిచేది నేను.

పక్కనున్న కోశాధికారి పేజీ లాక్కుని చూసింది. "ఇదేంటండీ, అక్షరాలు అని ఇంకో పేరు వేశారు? బబుల్స్‌లో ఏమీ లేదుగా?"

చెప్పాను. ఎవరో, ఏమైందో, అంతా చెప్పాను. బజ్జీల మీద చేతులు ఆగాయి. అధ్యక్షుడి కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత ఆయనకు ఒక ఉపాయం తట్టింది.

"అయితే ఈజీ గదా! పేరుకు ముందు కీ.శే. పెట్టేద్దాం. అప్పుడు ఇది నివాళి అయితది. నివాళికి ఎవరేమంటరు? అది లేకపోతే, ఈయనెవరు, ఏడున్నడు, ఎవరు తీసుకపోయిన్రు అని అడుగుతరు. అదీ పాలిటిక్స్."

అందరూ తలలూపారు. ఒక దేశ ప్రభుత్వం చట్టం చేసి చెప్పిన మాటను, ఆ దేశం ఎక్కడుందో తెలియని ఒక మంచి మనిషి ప్లెయిన్స్‌బరోలో బజ్జీ తింటూ సొంతంగా కనిపెట్టాడు. చనిపోతే నివాళి, లేకపోతే రాజకీయం. కీర్తిశేషుడంటే కీర్తి మాత్రమే మిగిలినవాడు. ఆ తమ్ముడికి మిగిలింది ప్రశ్న ఒక్కటే. అతను ప్రశ్నశేషుడు. ఈ మాట అక్కడ లేచి నిలబడి అనవలసింది. నేనన్నది మాత్రం, "చూద్దామండీ."

చూద్దాం అన్నది తెలుగులో బహు సుఖమైన మాట. ఔననకుండా, కాదనకుండా, ఏమీ చూడకుండా బతికేయవచ్చు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ కూర తరగడం ఆపింది. "ఒకసారి చంపారు, చాలలేదా? ఈసారి అచ్చువేసి చంపుతారా?"

"అయితే బొమ్మ తీసేస్తాను."

"తీసేసి ఆయనకేం చెబుతారు? వాళ్ల చెల్లెలికేం చెబుతారు?"

ఆ వారం మెయిల్ బాక్సుల దగ్గరికి ఆయన రాని వేళ చూసి వెళ్లాను. అయినా ఒకసారి దొరికిపోయాను. "పేజీ ఎప్పుడు?" అన్నారు. "వచ్చేస్తోందండీ" అన్నాను. కీ.శే. గురించి చెప్పలేదు.

సంచిక పేజీలు విజయవాడలో తయారవుతాయి. దిద్దుబాట్లన్నీ చేసి చివరి ప్రతి నాకు పంపుతారు, నేను సరేనంటే ప్రెస్సుకు వెళుతుంది. అధ్యక్షుడు తన ఫోటో, సందేశం ఉన్న పేజీ చూసుకుని, దిద్దుబాట్ల జాబితాలో తన చేత్తో ఒక వాక్యం చేర్చి పంపాడు. అది అమలైపోయి వచ్చింది. పటాలు రెండింటి కింద, బొమ్మ అని అన్న పేరు. దాని కింద, అక్షరాలు అని, కీ.శే. అని, తమ్ముడి పేరు.

మధ్యాహ్నం లంచ్ టైములో, ఆఫీసు మీటింగుల మధ్య, ఆ ఫైలు తెరుచుకుని కూర్చున్నాను. కీ.శే. చెరిపేశాను. ఆ జాగాలో కర్సరు కొట్టుకుంటోంది. అలాగే వదిలేయవచ్చు. వదిలేస్తే షరతు నిలబడుతుంది, నేనూ బతికిపోతాను. కానీ ఖాళీగా వదలడానికి ఆయనకు హక్కుంది, నాకు లేదు. నా ఖాళీ ఇంకొక 'చూద్దాం' అవుతుంది. అన్నకు తమ్ముడు ఎంత పెద్దవాడైనా ఏమవుతాడు? మనవాళ్లు చిన్నవాళ్ల పేర్ల ముందు ఏం రాస్తారు? ఒక అక్షరం కొట్టాను. ఒక చుక్క పెట్టాను. 'సరే' అని విజయవాడకు పంపేశాను.

ఉగాది రోజు హైస్కూలు ఆడిటోరియంలో సంచికలు పంచారు. అరగంటలో అధ్యక్షుడు పట్టుపంచె సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ఆ పేజీలో వేలు పెట్టుకుని ఉన్నాడు.

"ఎడిటర్ గారూ, ఇదేంది? పెళ్లి శుభలేఖ లెక్క పేరు ముందు చి. అని పడ్డది! చిరంజీవా?"

"అచ్చుతప్పండీ."

"కీ.శే. ఏడ, చి. ఏడ! అచ్చుతప్పు అట్లెట్ల పడతది?"

"నిజమే. అచ్చు దాదాపు సరిగానే పడింది. హల్లు తప్పింది. క బదులు చ పడింది, శే ఎగిరిపోయింది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మనిషి అమాయకుడు కాడు. "సరే, అయిందేదో అయింది. వచ్చే సంచికలో సవరణ వెయ్యాలె" అన్నాడు మెల్లగా.

"తప్పకుండా వేద్దామండీ" అన్నాను. "ఆ తమ్ముణ్ని ఎక్కడికి తీసుకుపోయారో వాళ్లను చెప్పనివ్వండి. ఆ మర్నాడే వేద్దాం."